మెహరాబు కింద పేరు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మీరావలి. మా పెరటి గోడకు సున్నం వేస్తూ, చేతిలో తాపీ ఆపకుండా, రెండు పూటలు చెప్పాడు. తర్వాత ఇదే సంగతిని ఇంకోరకంగా చెప్పబోయినవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తే గానీ ఇక్కడ పెట్టను. సున్నం సంగతి సున్నం చేతివాడు చెబితే వినాలి, సోడా కొట్టువాడు చెబితే వింటామా? నాకు చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుని చదువుతాను, కూడబలుక్కుని రాస్తాను. విన్నది విన్నట్టు పెట్టడానికి అంతకంటే అక్కర్లేదు.

మీరావలి గురువు పేరు పెదబుడే సాహెబ్. పల్నాటిలో సున్నం పని ఎరిగినవాళ్ళు ఒట్టి ‘ఉస్తాద్’ అంటే ఆయనే. గానుగలో తిప్పిన సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం పానకం, ఈ మూడిటితో ఆయన మసీదుల మీద గుమ్మటాలు నిలబెట్టాడు, దర్గాల మినార్లకు పూలు పూయించాడు. ఆయనకొక అలవాటుండేది. శిష్యుడు ఏదైనా అడిగితే మాటతో జవాబు చెప్పడు. “సున్నం ఎన్నాళ్ళు నానాలి ఉస్తాద్?” అని ఒకడు అడిగితే, సరిగా నానని ముద్ద ఒకటి వాడి గుప్పిట్లో పెట్టి, మధ్యాహ్నం దాకా తెరవబాకు అన్నాడట. చెయ్యి పొక్కింది. సున్నం నానడం గురించి వాడు మళ్ళీ ఎవరినీ అడగలేదు.

ఈ సంగతి జరిగేనాటికి ఉస్తాద్‌కి ఎనభై దగ్గర పడ్డాయి. చెయ్యి వణుకుతోంది. భార్య పోయాక కూతురు లాల్‌బీ దగ్గర, గానుగపాడులో ఉంటున్నాడు. మీరావలికి నలభై దాటాయి. పెళ్ళికెదిగిన పిల్లలున్నారు. అయినా ఏదైనా ముడి పడితే విప్పించుకోవడానికి ఆ గుమ్మంలోకే వచ్చేవాడు.

ఆ రోజు పొద్దున్నే వచ్చాడు. పీట వేస్తే కూర్చోలేదు.

“ఎర్రమెట్ల దర్గా గుమ్మటం సుభానీకిచ్చారు ఉస్తాద్.”

“ఏ సుభానీ?”

“మా పిన్నమ్మ కొడుకు. టౌన్లో మేడలకు పూత పని చేస్తాడే, వాడు. పాత సున్నం మీద సిమెంటు పూస్తాడంట. ఎల్లుండి మొదలంట.”

ఉస్తాద్ సాసర్లో పోసుకున్న చాయ్‌ని ఊదుతున్నాడు. 

సున్నం గుమ్మటం మనిషి ఒళ్ళులాంటిది, గాలి పీలుస్తుంది, చెమ్మ వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి, రెండు వానాకాలాలు తిరిగేసరికి లోపలి గచ్చు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కింద సమాధి మీద పడుతుంది. ఈ సంగతి మీరావలికి తెలుసు. సుభానీకి తెలియదు. దర్గా పెద్దలకు అసలే తెలియదు.

“ఇరవయ్యేళ్ళు ఉరుసు ఉరుసుకీ ఆ గుమ్మటానికి సున్నం కొట్టినోణ్ణి” అన్నాడు మీరావలి. “అంతకు ముందు మా నాయన కొట్టాడు. ‘ఏం మీరావలీ, నువ్వేమంటావు’ అని ఒక్క మాట అడిగితే వాళ్ళ సొమ్మేం పోయింది? నేనూ చెప్పను. పూయనీ. కూలనీ. అప్పుడు నా గడపకొస్తారు, అప్పుడు మాట్లాడతా.”

“చెప్పనని అనుకున్నాక ఇంత పొద్దున్నే నా దగ్గరికి ఎందుకొచ్చావురా?”

మీరావలి పీట లాక్కుని కూర్చున్నాడు. అప్పటికి అసలు ప్రశ్న బయటికొచ్చింది.

“అడగనోడికి చెప్పకపోతే పాపమా ఉస్తాద్?”

ఉస్తాద్ చాయ్ పూర్తిగా తాగి సాసరు బోర్లించాడు. లోపలికి కేకేశాడు.

“లాల్‌బీ! ఇయ్యాళ కార్తె ఏందమ్మా?”

“భరణి నాయనా. ఇయ్యాళే వచ్చింది. ఒళ్ళు కాలిపోతంటే తెలవటంలా?”

“నా తెల్ల చొక్కా ఇయ్యి. నల్లబండపాలెం పోయొస్తాం.”

లాల్‌బీ గుమ్మంలోకొచ్చి నిలబడింది. “నువ్వా ఊరు తొక్కి ఇరవయ్యేళ్ళాయె. ఈ ఎండలో, ఇప్పుడు, అక్కడేముంది?” అంది. ఉస్తాద్ చొక్కా తొడుక్కుని గుండీలు తానే పెట్టుకున్నాడు. వణికే చేత్తో చాలాసేపు పట్టింది. సాయం పోతే ఊరుకునే మనిషి కాదు గనక ఎవరూ పోలేదు.

బస్సులో మీరావలికి లోపల్లోపల సంబరంగానే ఉంది. నల్లబండపాలెం మసీదులో ఉస్తాద్ వయసులో ఉన్నప్పుడు చేసిన మెహరాబు ఉందని పనివాళ్ళు చెప్పగా వినడమే గానీ, ఎన్నిసార్లు అడిగినా ఆయన చూపించలేదు. మెహరాబు అంటే మసీదు ముందు గోడ మధ్య ఉండే గూడు. నమాజులో అందరూ మక్కా వైపే తిరిగి నిలబడాలి. ఆ దిక్కునే కిబ్లా అంటారు. కిబ్లా ఇటు అని చూపే గుర్తు మెహరాబు. అందుకే పనివాడు తన చేతిలో ఉన్నదంతా అక్కడ పోస్తాడు. ఈయన పోసింది చూసినవాళ్ళు, చూడని మేస్త్రీ మేస్త్రీ కాదనేవాళ్ళు.

వాళ్ళు చేరేసరికి పొద్దు వాలేముందు చేసే అసర్ నమాజు అయిపోయి జనం వెళ్ళిపోయారు. అజాన్ ఇచ్చే ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఉస్తాద్‌ని చూసి, “యా అల్లా, బతికే ఉన్నావా బుడే సాయిబూ!” అని చేతులు పట్టుకుని, ఆ ఏడే అచ్చు వేయించిన మసీదు చరిత్ర పుస్తకం ఒకటి తెచ్చి మీరావలి చేతిలో పెట్టాడు. “మీ ఉస్తాద్ గురించి రెండు పేజీలు రాశాం” అని చెప్పి నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకునే కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మీరావలి పుస్తకం చంకన పెట్టుకుని మెహరాబు ముందుకు పోయాడు. పోయి, ఇంక కదల్లేదు.

సున్నం కోడిగుడ్డు పెంకులా మెరుస్తోంది. కింద ఒక కుండ. ఆ కుండలోంచి ఒక తీగ లేచి, దానిమ్మలు కాసుకుంటూ పైకి పోయి, పైన పన్నెండు మొనల చుక్కగా అల్లుకుని, మళ్ళీ దిగి అదే కుండలోకి వచ్చింది. ఎక్కడా అతుకు లేదు. తీగ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి వెతికితే దొరకలేదు. మీరావలి మూడుసార్లు వెతికాడు. కింద అడుగు పొడుగు పలక మీద ఉస్తాద్ పేరు నల్లరంగుతో రాసి ఉంది, తర్వాతెప్పుడో మసీదు పెద్దలు రాయించింది.

అంత పని చేసిన గూట్లో ఒక పాత టేబుల్ ఫ్యానూ, మైకు బ్యాటరీ, చిరిగిన చాపల చుట్టా పెట్టారు.

మీరావలికి ఒళ్ళు మండి, “ఎవరయ్యా ఇందులో సామాను పెట్టింది?” అని వెనక్కి తిరిగాడు. అప్పుడు నేల కనబడింది.

నమాజుకు వరసలు కట్టి నిలబడడానికి నేలలో నల్లరాతి గీతలు పొదుగుతారు. అవి ఎక్కడైనా ముందు గోడకు సమంగా ఉంటాయి. ఇక్కడ లేవు. గదికి ఐమూలగా చాప పరిచినట్టు గీతలన్నీ ఉత్తరం వైపు ఒరిగి ఉన్నాయి. ఎడమ పక్క మొదటి గీత గోడకు తగిలింది. కుడి పక్క పది పన్నెండు అడుగుల మేర ముక్కోణంగా నేల మిగిలిపోయింది. ఆ గీత మీద నిలబడ్డవాడికి మెహరాబు ఎదురుగా రాదు, పక్కకు పోతుంది.

“ఇదేంది ఉస్తాద్? గోడ ఒక దిక్కు, గీతలు ఒక దిక్కు?”

“కూర్చో” అన్నాడు ఉస్తాద్. తను కూడా ఆ మిగిలిపోయిన ముక్కోణంలో గోడకానుకుని కూర్చున్నాడు. మీరావలికి తెలిసి ఆయన అంతసేపు మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఎక్కడ మసీదు కట్టినా కిబ్లా కొయ్య పాతేది ఉస్తాద్ ఇంటివాళ్ళే. ఊరివాళ్ళు ఎర్రంచు తువాలు, ఆకూ వక్కా పట్టుకుని గడపలోకి వచ్చి పిలవాలి. పిలిస్తే ఇంటి పెద్ద ఆ తువాలు భుజాన వేసుకుని వెళ్ళి, పొద్దు గుంకే వేళ రెండు కొయ్యలు పాతి దారం లాగుతాడు. ఆ దారమే మసీదుకు దిక్కు. చూసేవాళ్ళకు ఇంతే కనబడేది. పొద్దుకు ఎదురుగా కొయ్య పాతడం ఏముంది, ఎవడైనా పాతుతాడు అనుకునేవాళ్ళు.

కానీ పొద్దు రోజూ ఒకచోటే గుంకదు. చలికాలం దక్షిణానికి జరుగుతుంది, ఎండాకాలం ఉత్తరానికి జరుగుతుంది. మక్కా మన నేలకు సూటి పడమర కాదు, ఉత్తరానికి ఒరిగిన పడమర. పొద్దు సరిగ్గా ఆ చోట గుంకేది భరణి కార్తె మొదటి సాయంత్రం. తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి అక్కడే గుంకినా, అవి మబ్బులు పట్టే రోజులు, కనబడదు. కొయ్య ఆ పూటే పాతాలి. ఇది తండ్రి పెద్దకొడుక్కి మాత్రమే చెప్పేవాడు, అదీ చెవిలో. అది వాళ్ళ ఇంటి ఆస్తి. పొలాలు లేనివాళ్ళకు అదే పొలం.

నల్లబండపాలెంలో పాత మసీదు కూలి కొత్తది కట్టాలనుకున్నప్పుడు మసీదు బాగోగులు చూసే ముతవల్లి కరీముల్లా. ఉస్తాద్ కాపురమూ అప్పుడు ఆ ఊళ్ళోనే. ఆయన హజ్జుకు పోబోతున్నాడు. ఓడల మీద పోయే రోజులవి, తిరిగొస్తారో రారో తెలియదు. పోయేలోపల పునాది చూడాలని ఆయన ఆశ. అప్పుడు చిత్త కార్తె, వానలు వెనకబడే కాలం. ఉస్తాద్‌కి కబురు పంపితే, “ఎండలు ముదిరిందాకా ఆగమను” అని తిరుగు కబురు పంపాడు. ఎందుకో చెప్పలేదు. ఇంటి ఆస్తి గదా.

కరీముల్లాకి కోపం వచ్చింది. నలుగురిలో, “పొద్దు గుంకేది పడమరే గదా, దానికి పంచాంగం ఏంది? బుడే సాయిబు లేకపోతే పొద్దు గుంకదా?” అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఉస్తాద్ చెవిన పడింది. మర్నాడు ఎర్రంచు తువాలు ఖాజావలి భుజాన పడింది.

ఖాజావలి పరాయివాడు కాదు. ఉస్తాద్ తండ్రి దగ్గర, వాళ్ళింట్లోనే తిని, వాళ్ళ గానుగే తిప్పి పని నేర్చుకున్నవాడు. ఉస్తాద్‌ని అన్నా అనీ, ఆయన తండ్రిని నాయనా అనీ పిలిచేవాడు. “పూలూ తీగలూ వాడి చేతికి రావు” అన్నాడు ఉస్తాద్ మీరావలితో. “గోడ మాత్రం వాడిదే. గుండు వేలాడదీస్తే దారం గోడని ముద్దు పెట్టుకున్నట్టుండేది.”

కొయ్య పాతే ముందురోజు సాయంత్రం ఖాజావలి వచ్చాడు. ఉస్తాద్ గానుగ దగ్గర ఉన్నాడు.

“అన్నా, రేపు కొయ్య పాతుతున్నా. గుంకే పొద్దుకు సూటిగా పెట్టడమేనా, ఇంకేమన్నా ఉందా? నాయన నాకు చెప్పలా.”

చెప్పాల్సింది ఒక్క మాట. చిత్తలో కాదురా, భరణిలో. ఇంతే.

“తువాలు నీ భుజానే ఉంది గదా” అన్నాడు ఉస్తాద్. “దాన్నే అడుగు.”

ఖాజావలి గానుగ రాయి రెండు చుట్లు తిరిగిందాకా నిలబడ్డాడు. సలాం చేసి వెళ్ళిపోయాడు.

గోడలు లేచాయి. కరీముల్లా హజ్జు నుంచి క్షేమంగానే తిరిగొచ్చాడు. వచ్చి, మెహరాబు దగ్గరికి వచ్చేసరికి మీ చేతులు తప్ప వేరే చేతులు లేవని రెండు తువాళ్ళు, ఖర్జూరాలు, మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళు పట్టుకుని ఉస్తాద్ గడప తొక్కాడు. ఉస్తాద్ వెళ్ళాడు. తప్పు గోడ కట్టుకుని తన దగ్గరికే వచ్చారన్న తృప్తి మీద వెళ్ళాడు. నాలుగు నెలలు ఆ గోడకు ముక్కు ఆనించి పనిచేశాడు. ఏడు తిరిగి భరణి వచ్చింది. పొద్దు ఎక్కడ గుంకాలో అక్కడే గుంకింది, మెహరాబు మాత్రం మరెక్కడో చూస్తోంది. చూశాడు. తీగ అల్లుకుంటూ పోయాడు. సున్నం కలిపి అందించింది ఖాజావలే. “అన్నా, ఈ గోడ ధన్యమైంది” అనేవాడు.

“అప్పుడైనా చెప్పలేదా ఉస్తాద్?”

“అప్పుడు చెబితే గోడ పడగొట్టాలి. గోడ పడగొడితే నా తీగ పోతుంది.” ఉస్తాద్ మెహరాబు వైపు చూడకుండానే అన్నాడు. “ముందు పంతం కోసం నోరు మూసుకున్నా. తర్వాత దీని కోసం మూసుకున్నా.”

పదిహేడేళ్ళు గడిచాయి. ఒకసారి ఊళ్ళు తిరుగుతూ మతం మాటలు చెప్పే జమాత్ ఒకటి వచ్చి మూడు రోజులు మసీదులో దిగింది. వాళ్ళ పెద్ద దగ్గర ఇత్తడి పెట్టె ఉంది, లోపల ముల్లు, కిబ్లా ఎటో చూపేది. నేల మీద పెట్టి చూసుకుని, ఆయన ముఖం పాలిపోయింది. ఇంకోసారి పెట్టాడు. ఊరంతా చేరింది. ముల్లు ఒక దిక్కు చూపుతుంది, మెహరాబు ఒక దిక్కు చూపుతుంది. కన్నుమూసిన తల్లిదండ్రులంతా ఈ గోడకే మొక్కి పోయారే అని ఆడవాళ్ళు బయట ఏడుపు మొదలుపెట్టారు.

జమాత్ పెద్ద మంచివాడు. “తెలియక చేసినవాళ్ళ నమాజు చెల్లుతుంది. అల్లా మనసులోని నియ్యత్తు చూస్తాడు. భయపడకండి” అన్నాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. తెలిసి నిలబడ్డవాడి సంగతేమిటని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం అక్కడ ఒక్కడికే ఉంది.

“భుజం భుజం తగిలించి వరసలో నిలబడతాం. ఒక్కణ్ణే పక్కకు తిరిగితే పట్టుబడతా. అందుకని వాళ్ళతో పాటే నిలబడ్డా” అన్నాడు ఉస్తాద్. “పదిహేడేళ్ళు. ఈ ఊళ్ళో చెల్లని నమాజు నా ఒక్కడిదే.”

అప్పుడు అందరూ ఖాజావలి మీద పడ్డారు. కొయ్య పాతింది ఇతనే గదా. కుర్రకారు చొక్కా పట్టుకున్నారు. ఎవరో ఉస్తాద్ వైపు తిరిగి అడిగారు: “నాలుగు నెలలు ఆ గోడ దగ్గరే ఉన్నారు గదా, మీకు తెలియలేదా?”

“నేను పూలు చేసేవాణ్ణి” అన్నాడు ఉస్తాద్. “గోడ సంగతి గోడ కట్టినోణ్ణి అడగండి.”

ఖాజావలి తల ఎత్తి ఆయన్ని ఒకసారి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, “తప్పు నాదే. నేనే సరిచేస్తా. ఒక ఏడాది ఇయ్యండి” అన్నాడు.

ఇత్తడి పెట్టె ఉంది గదా, ఏడాది ఎందుకని నవ్వారు. పెట్టె వాళ్ళది, వాళ్ళు పట్టుకుపోతారు, నా కళ్ళతో నేను చూడాలి అన్నాడట. పెట్టె చూపిన దిక్కుకు మిద్దె మీద రెండు కొయ్యలు కట్టుకుని, ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం ఎక్కి పొద్దు గుంకడం చూశాడు. వాన రోజున గోనెపట్టా కప్పుకుని చూశాడు. కింద పోయేవాళ్ళు, “ఏం ఖాజావలీ, ఇయ్యాళైనా పొద్దు పడమర గుంకిందా?” అని ఎకసెక్కాలాడేవాళ్ళు. ఈద్ నాడు అలాయ్ బలాయ్‌కి అతన్ని ఎవరూ కౌగిలించుకోలేదు. కూతురికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది.

ఏడు తిరిగి ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం చీకటి పడకముందే ఖాజావలి ఉస్తాద్ గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు.

“ఇయ్యాళ కుదిరింది అన్నా. రెండు కొయ్యల నడుమ పొద్దు బంతిలాగా దిగింది. భరణి మొదటి రోజు.” కొంచెం నవ్వాడు కూడా. “నాయన నీకు చెప్పే ఉంటాడు.”

ఇక్కడ ఉస్తాద్ ఆగిపోయాడు. మీరావలి ఉండబట్టలేక అడిగాడు.

“మీరేమన్నారు?”

“నేనేమీ అనలా. వాడూ ఇంకేమీ అనలా.” ఉస్తాద్ నేల మీది నల్లరాతిని వేలితో తడిమాడు. “ఒక్క తిట్టు తిట్టి పోయుంటే బాగుండేది.”

ఉస్తాద్‌కి ముందే తెలుసన్న మాట ఖాజావలి ఊళ్ళో కూడా ఎవరికీ చెప్పలేదు. గోడ పడగొట్టనియ్యలేదు. అంత మెహరాబు మళ్ళీ ఎవరు చేస్తారని, గోడ ఉండనిచ్చి నేల మార్చాలన్నది అతనే. కూలిని పెట్టుకోకుండా తొమ్మిది రోజులు ఒక్కడే ఆ రాతి గీతలు పొదిగాడు. పదో రోజు సంసారాన్ని బండికెక్కించుకుని ఒంగోలు అవతల ఎక్కడికో, బావుల్లో ఒరలు దించే పనికి వెళ్ళిపోయాడు. అక్కడే పోయాడు. పోయిన కబురు ఉస్తాద్‌కి నలభయ్యో రోజు ఫాతిహా కూడా అయిపోయాక అందింది. జనాజాకు భుజం పట్టే అవకాశం కూడా మిగల్లేదు.

“ఏ రాయైనా కదిలిందేమో చూడు” అన్నాడు ఉస్తాద్.

మీరావలి లేచి, తాపీ పిడితో ఒక్కొక్క రాయీ తట్టుకుంటూ చివరి వరస దాకా పోయాడు. బోలు మోగిన రాయి ఒక్కటి లేదు.

అప్పటికి పొద్దు వాలింది. మెహరాబు పక్క కిటికీలోంచి ఎర్రటి వెలుగు లోపలికి వచ్చి నేల మీద పడింది. గోడకు ఏటవాలుగా పడింది. కానీ గీతలన్నిటినీ, మూలమట్టం పెట్టి కోసినట్టు, సూటిగా దాటుకుంటూ వెనక గోడ దాకా పోయింది. మీరావలి ఆ వెలుగు పట్టె పక్కన నిలబడిపోయాడు. ఇయ్యాళే భరణి వచ్చిందని పొద్దున లాల్‌బీ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

అతను చంకలోని పుస్తకం తీసి తిప్పాడు. పన్నెండో పేజీలో ఉంది: ‘ఖాజావలి అనే మేస్త్రీ తెలివితక్కువ వల్ల మన మసీదు గోడ వక్రించినది.’ పక్క పేజీలో ఉస్తాద్ చేతి పని గురించి పెద్ద పొగడ్త. పైకి చదవకుండా మూసేశాడు.

“చదువు” అన్నాడు ఉస్తాద్.

మీరావలి చదివాడు. ఉస్తాద్ చివరిదాకా విన్నాడు.

పొద్దు గుంకగానే చేసే మగ్రిబ్ నమాజుకి జనం వచ్చారు. పెద్దాయన గదా, ముందు వరసకు రమ్మని పిలిచారు. ఆయన పోలేదు. చిట్టచివరి గీత మీద, చివర నిలబడ్డాడు. మీరావలి ఆయన పక్కనే భుజం తగిలించి నిలబడ్డాడు.

తిరుగు బస్సులో కూడా మీరావలి అడిగిన ప్రశ్నకు ఉస్తాద్ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. బస్సు ఎర్రమెట్ల దగ్గర ఆగితే మీరావలి దిగాడు. అతని ఊరు అది కాదు. “మీరు పోండి ఉస్తాద్, నేను పొద్దున వస్తా” అన్నాడు. ఉస్తాద్ కిటికీలోంచి చెయ్యి చాపి అతని భుజం మీద ఏదో సవరించాడు. భుజాన తువాలు లేదు. దర్గా పెద్దలు విన్నారా, సుభానీ ఎన్ని మాటలన్నాడు, అది వేరే కథ. అడిగిన ప్రశ్న అది కాదు.

ఆ ఏడు రంజాను చూడకుండానే ఉస్తాద్ పోయాడు. పోయేముందు మీరావలిని నల్లబండపాలెం పంపి, పుస్తకంలో ఆ ముక్క దిద్దమని అడిగించాడు. అచ్చు అయిపోయింది గదా, ఇప్పుడేం చేస్తాం అన్నారట. ముసలితనంలో మతి చెడి అంటున్నాడనీ, శిష్యుడు ఎగేస్తున్నాడనీ కూడా అన్నారట. అన్నవాళ్ళు నాకు తెలుసు. ఖాజావలి కూతురూ మనుమలూ ఇప్పటికీ ఆ ఊరి పేరెత్తితే తల దించుకుంటారు. అందుకని ఆ పుస్తకం మళ్ళీ వేసేవాళ్ళెవరైనా సరే, అక్షరం బాగా వచ్చినవాళ్ళు, పన్నెండో పేజీ దిద్దండి. ఎట్లా దిద్దాలో మీరు ఆలోచించనక్కర్లేదు. మంచంలో పడుకుని ఉస్తాదే చెప్పిపోయాడు:

“మెహరాబు కింద నా పేరు గీకేయమను. తీసి తప్పు గోడ కింద, ఖాజావలి పేరున్న చోట రాయమను. చిన్న అక్షరాలు వద్దు.”